ఇద్దరికీ ఒకే బంతి

మా క్లబ్బు కార్యదర్శి బెలార్మీను చీటీ విప్పి చూసి, మళ్ళీ మడిచి, గొంతు సవరించుకున్నాడు. నాకు అప్పుడే అర్థమైపోయింది. పదమూడేళ్ళుగా చూస్తున్నాను ఆ మనిషిని. మంచి మాట చెప్పేటప్పుడు గొంతు సవరించుకోడు.

"ఒదెత్," అన్నాడు నా వైపు చూడకుండా. "జుల్మీరా."

క్లబ్బు కాఫీ కొట్టులో కప్పులు కడుగుతున్న పిల్ల కుళాయి కట్టేసింది. మా అక్కకీ నాకూ ఐదేళ్ళుగా మాటల్లేవని అక్కడున్న అందరికీ తెలుసు. ఎందుకు లేవో సగం మందికి తెలుసు. మిగతా సగం మంది సొంతంగా కల్పించుకున్నారు.

ఏటా అక్టోబరు ఆఖరి శనివారం మా గోల్ఫ్ మైదానంలో జంటల పోటీ జరుగుతుంది. జంటకి ఒకటే బంతి. ఒకరు కొడితే, అది ఎక్కడ పడిందో అక్కడి నుంచి రెండోవాళ్ళు కొట్టాలి. మళ్ళీ మొదటివాళ్ళు. పద్దెనిమిది గుంటలూ అంతే, తక్కువ దెబ్బల్లో ముగించిన జంటదే గెలుపు. ఎవరికి ఎవరు జోడీయో టోపీలోంచి తీసిన చీటీ చెబుతుంది. చీటీ కాదన్నవాళ్ళకి మరుసటి ఏడు ఆట లేదు. మొగుడూ పెళ్ళాల పేర్లు కలిసి వస్తే మాత్రం మళ్ళీ తీస్తారు, కాపురాలు కూలతాయని. అక్కచెల్లెళ్ళ సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఇంకో ఆచారం ఉంది. ఎంత చెత్తగా కొట్టినా జోడీకి క్షమాపణ చెప్పకూడదు. ఆ మాట నోట్లోంచి ఊడిపడిందా, ఆ జంట లెక్కలో ఒక దెబ్బ ఎక్కువ రాస్తారు. ఎవరూ కావాలని చెడగొట్టరు కనక క్షమించడానికి ఏమీ లేదని మా పెద్దల వాదన.

చూశారా నా రాత! ఐదేళ్ళుగా అక్క నోటి నుంచి నేను కాచుకుని కూర్చున్నది ఆ ఒక్క మాట కోసమే.

మా ఆయన ఆర్మిందు ఈ మైదానంలో గడ్డి మేస్త్రి. సముద్రం అంచున ఎర్రటి కొండచరియల మీద, ఉప్పుగాలికి ఎండిపోకుండా ఇరవై ఆరేళ్ళు ఈ పచ్చిక పెంచాడు. ఓ వేసవిలో కడుపునొప్పి అన్నాడు. డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు, వసంతం దాకా ఉండడని. నేను ఆయనతో పేగులో పుండు అని చెప్పాను. మందులతో తగ్గిపోతుందని చెప్పాను. పిల్లలకీ, చుట్టాలకీ, ఇంటికొచ్చే ప్రతివాళ్ళకీ అదే పాఠం అప్పజెప్పాను. అక్క ముప్పై ఐదేళ్ళు నర్సు. ఆవిడ దగ్గర దాచలేక నిజం చెప్పి, నోరు విప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నవంబరులో ఒక ఆదివారం నేను రొట్టె కొనుక్కుని ఇంటికొచ్చేసరికి ఆయన మొహం మారిపోయి ఉంది. "వదిన చెప్పింది," అన్నాడు. ఆ తరవాత ఇరవై రెండు రోజులున్నాడు.

ఆ ఆదివారం సాయంత్రమే, ఆయన్ని నువ్వే చంపావు అన్నాను అక్కని. గేటు బయట నిలబెట్టి, వీధి వీధంతా వినేలా అన్నాను. అక్క క్షమించు అనలేదు. కొండ మీద మోన్షీక్ ఊళ్ళో తన ఇంటికి పోయింది. అప్పటి నుంచి నెలకోసారి ఈ మైదానంలో ఎదురుపడ్డమే. ఆవిడ ఎడం పక్కకి తిరిగితే నేను కుడి పక్కకి తిరిగేదాన్ని.

శనివారం పొద్దున తొమ్మిదింటికి మొదటి గుంటకి బంతి కొట్టే తిన్నె దగ్గర నిలబడ్డాం. మాతో కలిసి ఆడే జంట ఫాదర్ కింతీను, పళ్ళ డాక్టరు గౌదెన్సియో. వాళ్ళ లెక్క మేము రాయాలి, మా లెక్క వాళ్ళు రాయాలి. ఈ ఆటలో ఎవరి లెక్క వాళ్ళు రాసుకోరు.

"బేసి గుంటలకి ముందు ఎవరు కొడతారు?" అడిగాడు బెలార్మీను.

"ఆవిణ్ణే అడగండి," అన్నాను.

"ఆవిడకే వదిలేశానని చెప్పండి," అంది అక్క.

ఫాదర్ ఆకాశంలోకి చూశాడు. "తల్లీ, నేను పాపాలు వినడానికి వచ్చినవాణ్ణి. టెలిఫోను పని నా వల్ల కాదు."

చివరికి బేసివి నేను, సరివి అక్క అని తేలింది. మొదటి దెబ్బ బాగానే పడింది. బంతి గొడుగుల్లాంటి పైన్ చెట్ల మధ్య నుంచి పోయి పచ్చిక బాట నడుమ ఆగింది. గౌదెన్సియో చప్పట్లు కొట్టాడు. అక్క చెయ్యి కదల్లేదు. సరే, నేను మాత్రం ఆవిడ దెబ్బకి కొట్టానా?

మూడు గుంటలు అలాగే పోయాయి. మా మాటలన్నీ ఫాదర్ మీదుగా నడిచాయి. "ఫాదర్, అక్కడ పల్లం ఉందని చెప్పండి." "ఫాదర్, కళ్ళు నాకూ ఉన్నాయని చెప్పండి." ఆయన పాపం రెండు సార్లు చెప్పాడు, మూడోసారి దగ్గు నటించాడు.

నాలుగో గుంట దగ్గర అక్క చేతులు చూశాను. తిన్నె మీద కర్ర పట్టుకుని నిలబడింది. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. నాలుగు వేళ్ళకి గుడ్డ పట్టీ చుట్టింది. కొట్టాక ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పన్ను పీకించుకునేటప్పుడు కూడా అక్క అరవదు, కళ్ళు మూసుకుంటుంది.

గౌదెన్సియో నా పక్కన నడుస్తూ గొంతు తగ్గించాడు. "మీ అక్కకి ఇదే ఆఖరి ఆటట, తెలుసా? ఇంక కర్ర పట్టుకుంటే గ్లాసు కూడా పట్టుకోలేవని డాక్టరు చెప్పాడట. వచ్చే నెల సభ్యత్వం కూడా మానేస్తోంది."

"నాకెందుకు చెబుతున్నారు?" అన్నాను.

"నాకు నోరు ఆగదు గనక," అన్నాడు.

అక్కడి నుంచి నాకు ఆట మీద మనసు లేదు. ఇక్కడ తప్ప మేము కలుసుకునే చోటు ఇంకోటి లేదు. నెలకోసారి మొహం తిప్పుకోవడానికైనా ఆవిడ ఎదురుగా ఉండాలి కదా. ఇవాళ పద్దెనిమిదో గుంట దాటితే ఆవిడ కొండెక్కి పోతుంది. నేను నా ఇంట్లో నా పంతంతో కలిసి కూర్చుంటాను. భయం వేసింది నాకు. అయినా ముందు ఆవిడ అనాలి కదా ఆ మాట! ఇవాళ అనడానికి వీల్లేని మాట!

తొమ్మిదో గుంట తరవాత బెంచీ మీద కూర్చున్నాం. నేను తిండి తెచ్చుకోలేదు, కోపంలో మర్చిపోయాను. అక్క సంచిలోంచి రొట్టె, సార్డీన్ చేపల ముద్ద, నాలుగు ఎండు అత్తిపళ్ళు తీసింది. రొట్టె విరవడానికి చేతులు రాక, మోకాలి మీద పెట్టి కత్తితో రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క మీద చేప ముద్ద పూసి, బెంచీ మీద మా ఇద్దరికీ మధ్య పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. ఆకలి రుచెరగదంటారు. పంతం కూడా ఎరగదు. తినేశాను.

"బావుందా అని అడగమంటారా?" అన్నాడు ఫాదర్.

"నోరు మూసుకుని తినండి ఫాదర్," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఫాదర్ నవ్వాడు. మాకు నవ్వు రాలేదు, లేక వచ్చినా ఎవరి నవ్వు వాళ్ళు మింగేశాం.

పద్నాలుగో గుంట దగ్గర అయింది అసలు గొడవ. అక్క తిన్నె మీద నుంచి చక్కగా కొట్టింది. ఆ చేతులతో అంత చక్కగా ఎలా కొట్టిందో తెలీదు. రెండో దెబ్బ నాది. నేను తొందరపడి తల ఎత్తేశాను. బంతి అడ్డంగా పోయి, కరోబ్ చెట్టు మొదట్లో రెండు వేర్ల మధ్య ఇరుక్కుంది.

అక్క అక్కడికి పోయి వంగి చూసింది. నేను వెనకాలే వెళ్ళాను. 'క్షమించు' నాలుక చివరి దాకా వచ్చింది. ఆచారం గుర్తొచ్చి ఆపుకున్నాను. ఆపుకున్న మాట ఊరికే ఉండదు కదా, కోపమై బయటికొచ్చింది.

"ఇక్కణ్ణించి కొట్టకు. ఒక దెబ్బ ఎక్కువ రాయించుకుని బంతి బయట పెట్టుకో," అన్నాను. ఐదేళ్ళలో నేరుగా ఆవిడతో అన్న మొదటి మాట అది.

"కొడతాను," అంది.

కొట్టింది. కర్ర చెట్టు వేరుకి తగిలి చప్పుడైంది. బంతి అంగుళం కదిలి మళ్ళీ అక్కడే ఉంది. అక్క కర్ర వదిలేసి చెయ్యి చంకలో పెట్టుకుంది.

"చెప్పాను కదే వద్దని!" అరిచాను. "ఎవరి మాటా వినవు నువ్వు! అప్పుడూ వినలేదు!"

అక్క నెమ్మదిగా తిరిగింది. ఆ మొహంలో కోపం లేదు. అలిసిపోయిన మొహం.

"బంతి ఇక్కడ పడేసిందెవరే?"

"నేను కావాలని పడేశానా?"

"కాదు. నువ్వూ కావాలని పడెయ్యలేదు, నేనూ కావాలని వేరుకేసి కొట్టలేదు. నా వంతు వచ్చేసరికి బంతి ఇక్కడుంది. ఇక్కణ్ణించే కొట్టాలి. ఇంకెక్కణ్ణించి కొట్టను?" ఒక్క క్షణం ఆగింది. "ఆర్మిందు విషయంలోనూ అంతేనే ఒదెత్."

ఫాదరూ గౌదెన్సియో చెట్టు అవతల నిలబడిపోయారు.

"ఆ ఆదివారం నువ్వు రొట్టెకి వెళ్ళావు. 'వదినా, నేను ఈసారి బాదం పూత చూస్తానా?' అని అడిగాడు. నేను మాట మార్చాను. మళ్ళీ అడిగాడు. 'ఒదెత్‌ని అడగొచ్చు కదా' అన్నాను. 'దాన్ని అడిగితే అది నవ్వాలి వదినా. నవ్వలేక నవ్వుతోంది అది. నేను నమ్మినట్టు నటిస్తున్నాను. మా ఇద్దరికీ చచ్చే అలుపొస్తోంది' అన్నాడు. నువ్వు వదిలిపెట్టిన చోటు అది. నా వంతొచ్చింది. అబద్ధం చెప్పమంటావా, కళ్ళల్లో ప్రాణం పెట్టుకుని అడుగుతున్న మనిషికి?"

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు గేటు తీశావా? ఆపైన ఆయన వద్దన్నాడు. తనకి ముందే తెలుసని నీకు తెలిస్తే కుమిలిపోతావని. ఇవాళ చెప్పకూడదనే వచ్చాను. ఆ చెట్టు వేరు నా చేత చెప్పించింది." వంగి కర్ర తీసుకుంది. "నీ వంతు. కొట్టు."

కొట్టాను. ఎలా కొట్టానో గుర్తు లేదు. ఆ గుంటకి మేము తొమ్మిది దెబ్బలు తిన్నాం అని కాగితం మీద ఉంది.

నడుస్తుంటే ఆ ఇరవై రెండు రోజులూ కళ్ళ ముందు తిరిగాయి. ఆయన మంచం మీదే కూర్చుని, వేణ్ణీళ్ళ యంత్రం ఎలా ఆపాలో నాకు నేర్పాడు. కొడుకుని పిలిచి ఎన్నాళ్ళ కిందటి పోట్లాటో తేల్చుకున్నాడు. ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఆ వేసవి మొదలయ్యాక మేమిద్దరం కలిసి చేసిన నిజమైన పని అదొక్కటే. ఆయన్ని ఏడిపించిందని అక్కని తిట్టుకున్నాను. ఆవిడ చెప్పకపోయి ఉంటే మేము ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పళ్ళికిలిస్తూనే విడిపోయేవాళ్ళం. ఐదేళ్ళు పట్టింది ఈ మొద్దు బుర్రకి.

పదహారో గుంట సముద్రం మీది నుంచి కొట్టాలి. తిన్నె ఒక కొండచరియ మీద, జెండా అవతలి చరియ మీద, నడుమ లోయలో అలలు. సరి గుంట కనక అక్క వంతు. ఆగ్నేయం గాలి లేచింది.

కుర్రతనంలో అక్క ఈ లోయ అవలీలగా దాటించేది. ఇప్పుడు పట్టీలు బిగించుకుంది, కాళ్ళు కుదురుగా పెట్టుకుంది, కొట్టింది. బంతి బాగానే లేచి, సగం దూరం పోయి, గాలికి నిలబడిపోయి, తిన్నగా నీళ్ళలో పడింది. చప్పుడు కూడా వినపడలేదు.

అక్క తిరిగి నా వైపు చూసింది. ఆవిడ పెదాలు కదిలాయి, ఆగిపోయాయి. అనకూడదు కదా. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఆఖరి ఆట, కళ్ళనిండా నీళ్ళు, నోటికి తాళం. ఇప్పుడు అదే తిన్నె మీద నుంచి నేను కొట్టాలి. నేను బంతి కింద పెట్టలేదు.

"అక్కా," అన్నాను. "నన్ను క్షమించు."

గౌదెన్సియో తన బూట్లకేసి చూసుకున్నాడు. ఫాదర్ పెన్సిలు జేబులో పెట్టుకోబోయాడు.

"ఏమిటో ఈ గాలి హోరు," అన్నాడు. "నాకేమీ వినపడలేదు."

"రాయండి ఫాదర్."

"ఏమని రాయను? బంతి ముంచింది ఆవిడ, క్షమించమంది మీరు. రూల్లో ఇలాంటిది లేదు."

"మాట అన్నానా లేదా? ఒక దెబ్బ రాయండి."

"చర్చిలో అయితే ఇదే మాటకి క్షమాభిక్ష ఊరికే ఇచ్చేవాణ్ణి," అని గొణిగాడు.

"రాయండి," అంది అక్క. "స్పష్టంగానే అంది. నేను విన్నాను."

ఆయన రాశాడు. "గాలి ఎడం పక్క నుంచి. జెండాకి బాగా ఎడం వైపు కొట్టు," అంది అక్క, అంతే. ఎడంగా కొట్టాను. బంతి దాటింది.

పదిహేడో గుంట అంతా నేను ఆవిడ జవాబు కోసం చూశాను. ఏదీ! గడ్డిలో ఎండిపోయిన మచ్చ చూపించి "ఆర్మిందు ఉండగా ఇలా ఉండేది కాదు" అంది, బంతి తుడిచి నా చేతికిచ్చింది. నాకు లోపల ఉడికిపోయింది. ఐదేళ్ళు నేను ఈవిణ్ణి ఇలాగే కదా నిలబెట్టాను అనుకునేసరికి ఆ ఉడుకు కూడా చల్లారిపోయింది. క్షమించమని అడగడం ఒక్కటే నా చేతిలో ఉన్నది. మిగతాది ఆవిడ వంతు.

ఆట ముగిసింది. మొదటి బహుమతి కప్పు రొట్టెల బట్టీ వాళ్ళకి పోయింది. రెండో బహుమతి ఎండబెట్టిన పంది తొడ. అది మాకన్నా ఒక్క దెబ్బ తక్కువతో ఫాదర్ జంటకి దక్కింది. అవును, ఆ దెబ్బే. ఫాదర్ మొహం చూడాలి! మాంసం చంకలో పెట్టుకుని, దొంగలా నా దగ్గరికొచ్చి, "సగం కోసి పంపిస్తాను తల్లీ," అన్నాడు. "పంపకపోతే ఆర్చిబిషప్పుకి ఉత్తరం రాస్తాను," అన్నాను.

కార్ల దగ్గర అక్క ఒక్కతే ఉంది. కర్రల సంచి డిక్కీలో పెట్టడానికి అవస్థ పడుతోంది. నేను వెళ్ళి అందుకుని లోపల పెట్టాను. ఆవిడ డిక్కీ మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది, మూయలేదు.

"ఏ వరసలో ఉన్నాడు?" అంది.

ముందు నాకు అర్థం కాలేదు. తరవాత వెలిగింది, సమాధుల తోటలో ఆర్మిందు గురించి అడుగుతోందని. ఆ రోజు గేటు దగ్గర నేను అన్న ఆఖరి మాట ఎవరికీ చెప్పుకోలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. 'బతికుండగానే కాదు, పోయాక కూడా ఆయన దరిదాపులకి రాకు' అన్నాను. ఆయన్ని తీసుకెళ్ళే రోజు రాలేదంటే తప్పు చేసిన మనిషి, మొహం చెల్లక రాలేదనుకున్నాను. ఆ తరవాతా రాలేదని ఏ ఏటికా ఏడు మనసులో తిట్టుకున్నాను. ఆవిడ నా మాట నిలబెట్టింది. ఐదేళ్ళు.

"తూర్పు గోడ పక్కన," అన్నాను. "మూడో... నువ్వు వెతుక్కోలేవే అక్కా. నేను చూపిస్తాను."

"ఇవాళే?"

"ఇవాళే. ఎక్కు. నీ చేతులతో నువ్వు బండి నడపకు."

"ఐదేళ్ళుగా నడుపుతూనే ఉన్నాను లేవే," అంది, కానీ బండి తాళాలు నా చేతికిచ్చి పక్క సీట్లో కూర్చుంది.

సంత దగ్గర ఆపి చామంతులు కొన్నాం. నేను తెల్లవి తీశాను. "తెల్లవి ఆయనకి గిట్టవు. ఆసుపత్రిలా ఉంటాయనేవాడు," అంది అక్క. నాతో ఎప్పుడూ అనలేదే అన్నాను. "నువ్వు తెల్లవే తెచ్చేదానివి కదా, ఎలా అంటాడు?" అంది. పసుపు రంగువి తీసుకున్నాం. అవి మరీ ముదిరిపోయినవని, అమ్మేవాడు నిన్ను మోసం చేశాడని, నువ్వు చూసి తీసుకోవాల్సిందని సమాధుల తోట దాకా కీచులాడుకుంటూనే ఉన్నాం.

గేటు దగ్గరికొచ్చేసరికి అక్క ఆగిపోయింది. లోపలికి చూస్తోంది గానీ అడుగు పడటం లేదు. పూలు తన చేతిలోంచి నేను తీసుకున్నాను. వాచిన వేళ్ళు నొప్పెట్టకుండా మణికట్టు దగ్గర పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.